పాత ఇంగ్లిష్ జంట గొట్టాల తుపాకీ: లోహం మీది నగిషీ అసలుదో కాదో తేల్చడం ఎలా

1875 నుంచి 1939 వరకు లండన్, బర్మింగ్‌హామ్‌లలో తయారైన జంట గొట్టాల షాట్‌గన్‌లకు ఇప్పటికీ మంచి ధర పలుకుతుంది. ఆ ధరలో పెద్ద భాగం లోహం మీది పనికే దక్కుతుంది. యాక్షన్ మీద ఉలితో చెక్కిన గులాబీ గుత్తులు, తీగ చుట్టలు, గట్టిపరిచిన ఉక్కు మీది నీలి, బూడిద, గోధుమ మరకలు, గొట్టాల నల్లదనం, అక్కడక్కడా బంగారు తాపడం అన్నీ ఆ పని కిందకే వస్తాయి. అందుకే వాటికి మళ్లీ మెరుగు పెట్టి, మళ్లీ చెక్కి, మళ్లీ రంగు తెచ్చి "ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంది" అని అమ్మేవాళ్లూ ఎక్కువే. అలాంటి తుపాకీ చేతికొచ్చినప్పుడు ఏ వరుసలో ఏం చూడాలో ఇక్కడ చెబుతున్నాం.

ముందు చట్టం. మన దేశంలో ఇలాంటి తుపాకీ కొనాలన్నా, తాతగారి నుంచి వచ్చినదాన్ని దగ్గర ఉంచుకోవాలన్నా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర 2 తుపాకులకు మించి ఉండకూడదు. వారసత్వంగా వచ్చినవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. తుపాకీ చేతిలోకి తీసుకోగానే గొట్టాలు మడిచి, తూటాలు పెట్టే రెండు అరలూ ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి. అమరిక చూసేటప్పుడు తప్ప, పరీక్ష మొత్తం గొట్టాలు విప్పి పక్కన పెట్టే చేయండి.

"అసలు" అన్న మాటకు నాలుగు అర్థాలున్నాయి. మొదటిది, ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ఎవరూ ముట్టుకోనిది. రెండోది, యజమాని తయారీదారుకే తిరిగి పంపి బాగు చేయించుకున్నది. మూడోది, వేరే పనివాడు నిజాయితీగా పునరుద్ధరించి, ఆ సంగతి దాచకుండా అమ్ముతున్నది. నాలుగోది, సాదా తుపాకీని ఖరీదైనదానిగా చూపించడానికి చేసిన పని. మన ప్రశ్న "అసలుదా, నకిలీయా" అని రెండు ముక్కలుగా ఉండకూడదు. ఏ భాగం ఎప్పటి పని అన్నదే తేల్చుకోవాలి. అరిగిపోయినా ఎవరూ ముట్టుకోని తుపాకీ, తర్వాత ఎవరో మిలమిలలాడేలా చేసిన పని కంటే ఎప్పుడూ విలువైనదే. అందం చూసి ముందే మనసు పారేసుకుంటే ఈ తేడా కంటికి కనబడదు.

భాగాల పేర్లు తెలిసి ఉంటే కింది దశలు సులువు

యాక్షన్ అంటే గొట్టాలు వచ్చి కూర్చునే ఉక్కు దిమ్మ. దాని వెనుక భాగంలో, గొట్టాల వెనుక చివర్ల (తూటా పెట్టే వైపు) దగ్గర ఉబ్బెత్తుగా ఉండే రెండు గుండ్రటి భాగాలు ఫెన్సులు. బొటనవేలితో తోసి తుపాకీని తెరిచే మీట టాప్ లీవర్. సైడ్‌లాక్ తుపాకులకు రెండు పక్కలా, పేల్చే యంత్రాంగాన్ని మోసే పొడవాటి లాక్ ప్లేట్లు ఉంటాయి. బాక్స్‌లాక్ తుపాకులకు ఆ యంత్రాంగమంతా యాక్షన్ లోపలే ఉంటుంది. ఆ రెండో పద్ధతికి మూలం 1875 నాటి ఆన్సన్, డీలీ పేటెంటు. గొట్టాల మధ్య పొడవునా సాగే పట్టీ రిబ్. ముందు చెక్కను పట్టి ఉంచే ఇనుప ముక్క ఫోరెండ్ ఐరన్.

కావలసినవి: 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, చిన్న ఎల్ఈడీ టార్చి, తెల్ల కాగితం, దూది పుల్లలు, కొద్దిగా ఎసిటోన్, దగ్గరి ఫోటోలు తీయగల కెమెరా లేదా ఫోను. అతినీలలోహిత టార్చి ఉంటే మంచిది. స్క్రూడ్రైవర్ తీసుకెళ్లకండి. ఈ తుపాకుల స్క్రూలను మామూలు పనిముట్టుతో ఒక్కసారి తిప్పినా గాడి అంచు చెడుతుంది. మీ పరీక్షే తుపాకీకి కొత్త గాయం కాకూడదు.

మొదటి దశ: నగిషీకి ముందు నంబర్లు, ముద్రలు

పూల పని వైపు చూడకముందే గొట్టాలను విప్పి తిరగేయండి. వెనుక చివర దగ్గర, అడుగున ఉన్న చదును మీద ప్రూఫ్ ముద్రలుంటాయి. అంటే గొట్టాల బలాన్ని పేల్చి పరీక్షించాక ప్రూఫ్ హౌస్ అనే పరీక్షా సంస్థ కొట్టే ముద్రలు. ఆ చదునుకు ఎదురుగా యాక్షన్ మీద కూడా ఉంటాయి. లండన్ ముద్రల్లో కిరీటం కింద జీపీ అల్లిక, కిరీటం కింద వి కనిపిస్తాయి. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో ఏర్పడింది. 1904కి ముందు దాని ముద్రలు కిరీటంతో కూడిన అడ్డ రాజదండాలు. ఆ తర్వాత కిరీటం కింద బీపీ, బీవీ అక్షరాలు వచ్చాయి.

ఈ ముద్రలు కాలాన్ని కూడా చెబుతాయి. "నాట్ ఫర్ బాల్" అని ఉంటే 1875–1887 మధ్యది. వజ్రాకారంలో 12, సి ఉంటే 1887 లేదా ఆ తర్వాతది. "నైట్రో ప్రూఫ్" మాటలు 1896 నుంచి, తూటా పెట్టే అర పొడవును అంగుళాల్లో చెప్పే అంకె 1925 నుంచి కనిపిస్తాయి. "టన్స్" అనే మాట ఉంటే 1954 తర్వాత మళ్లీ ప్రూఫ్ చేయించారని అర్థం. ఇది నగిషీకి ఎందుకు ముఖ్యమంటే, మళ్లీ ప్రూఫ్ అయిన తుపాకీ ఒకసారి పనివాడి బల్ల మీదికి వెళ్లి వచ్చినట్టే. గొట్టాలకు కొత్త నల్లదనం, యాక్షన్‌కు కొత్త మెరుగు చాలాసార్లు ఆ ప్రయాణంలోనే జరుగుతాయి. కాబట్టి 1890ల తుపాకీ మీద 1954 తర్వాతి ముద్ర కనిపిస్తే మిగతా దశల్లో అనుమానం ఒక మెట్టు పెంచండి.

ముద్రల అంచులు కూడా గమనించండి. కొట్టిన ముద్ర చుట్టూ లోహం కొద్దిగా పైకి లేచి ఉంటుంది. చదును మీద ముద్రలు సగం చెరిగి, చుట్టూ నున్నగా ఉంటే అక్కడ ఎవరో పాలిష్ పట్టారు. దాచిన చోటే పాలిష్ పట్టినవాళ్లు పైభాగాన్ని వదిలి ఉండరు.

సీరియల్ నంబరు గొట్టాల మీద, ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) తోక మీద, ఫోరెండ్ ఐరన్ మీద ఒకటే ఉండాలి. తేడా ఉంటే వేర్వేరు తుపాకుల భాగాలు కలిసినట్టే. అప్పుడు నగిషీని కూడా భాగాల వారీగా విడివిడిగా తేల్చాలి.

రిబ్ మీది చిరునామా కూడా సాక్ష్యమే. లండన్ తయారీదారుల్లో పర్డీ 1880ల తొలి వరకు 314½ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఉండి, తర్వాత సౌత్ ఆడ్లీ స్ట్రీట్‌లోని ఆడ్లీ హౌస్‌కు మారింది. బాస్ 1908 వరకు సెయింట్ జేమ్స్ స్ట్రీట్‌లో, 1930 వరకు డోవర్ స్ట్రీట్‌లో, ఆ తర్వాత ఆల్బెమార్ల్ స్ట్రీట్‌లో ఉంది. హాలండ్ అండ్ హాలండ్ అనే పేరు 1876 నుంచే. నంబరు చెప్పే సంవత్సరానికి చిరునామా సరిపోకపోతే గొట్టాలు తర్వాత మార్చినవై ఉండవచ్చు. తయారీదారే మార్చి ఉంటే అది తప్పు కాదు, కానీ గొట్టాల మీది పని వయసు వేరని గుర్తుంచుకోవాలి. మన దగ్గర దొరికే తుపాకుల రిబ్ మీద మాంటన్, రోడా లాంటి కలకత్తా వ్యాపారుల పేర్లు కూడా ఉంటాయి. అవి అమ్మినవాళ్ల పేర్లు, తుపాకీ మాత్రం ఇంగ్లండ్‌లో తయారై వచ్చింది. అలాంటి పేరు ఉన్నంత మాత్రాన తర్వాత చెక్కినది అనుకోకండి. ఇంగ్లిష్ పేరు ఉండి, అడుగున కోడిగుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ ముద్ర కనిపిస్తే మాత్రం అది బెల్జియంలోని లియేజ్‌లో తయారైన తుపాకీ. పైనున్న పేరును నమ్మాల్సిన పని లేదు.

రెండో దశ: స్క్రూలు

నిజం చెప్పడంలో స్క్రూ తలకు సాటి వచ్చే భాగం ఈ తుపాకీలో మరొకటి లేదు. మంచి ఇంగ్లిష్ పనిలో స్క్రూను పూర్తిగా బిగించి, గాడి గొట్టం దిశకు సమాంతరంగా నిలిచేలా సరిచూసి, తలను చుట్టూ ఉన్న లోహంతో సమంగా ఆకురాయితో రాసేవారు. ఆ తర్వాతే చెక్కేవారు. అందుకే తీగ చుట్ట స్క్రూ తల మీదుగా సాగి అవతలి లోహం మీదికి ఆగకుండా వెళ్తుంది. గాడి అర మిల్లీమీటరు దరిదాపుల్లో, చాలా సన్నగా ఉంటుంది.

భూతద్దంతో ఒక్కో స్క్రూనూ చూస్తూ ఈ ప్రశ్నలు వేసుకోండి. గాడి దిశ తప్పిందా? కొద్దిగా తిరిగి ఉంటే మర అరిగింది, లేదా స్క్రూ మార్చారు. తల మీది గీతలు పక్కనున్న గీతలతో కలుస్తున్నాయా? కలవకపోతే స్క్రూ వేరే తుపాకీది. తల చుట్టూ గుంతలా పల్లమైందా? పాలిష్ చక్రం అంచులను తినేసింది. తల పక్క లోహం కంటే పైకి నిలిచి ఉందా? అయితే స్క్రూలు తీసి యాక్షన్‌ను మాత్రమే రుద్దారు.

నేర్పరి పనివాడు మళ్లీ చెక్కేటప్పుడు స్క్రూలు బిగించి ఉంచే చెక్కుతాడు, కాబట్టి గీతలు అప్పుడూ కలుస్తాయి. అలాంటి చోట గాడి అంచును చూడండి. పనిముట్టు జారి అంచు నలిగి, లోహం ముద్దలా లేచిన చోటు ఉంటే, ఆ ముద్ద మీదుగా గీత శుభ్రంగా సాగుతోందా? అయితే గాయం ముందు, గీత తర్వాత. ఒక్క స్క్రూ మీద ఇది కనిపించినా ఆ పక్క పని మొత్తం మళ్లీ చెక్కినదే అనుకుని ముందుకు వెళ్లండి.

మూడో దశ: గీత స్వభావం

టార్చిని యాక్షన్ పక్క నుంచి, దాదాపు లోహానికి ఆనించి పట్టండి. నిలువు వెలుగులో అందంగా కనిపించే చాలా పనులు పక్క వెలుగులో దొరికిపోతాయి.

చేతి ఉలితో తీసిన గీత అడుగున వి ఆకారంలో ఉంటుంది. మొదట సన్నగా మొదలై, వంపులో లావై, చివర మళ్లీ సన్నబడుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు చుట్టలు ఒకే నమూనావే అయినా ఎక్కడో ఒకచోట తేడా ఉంటుంది. రోలరుతో అచ్చు నొక్కిన పనికి అడుగు మొద్దుగా, అంచులు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. ఒకే పువ్వు అవే లోపాలతో మళ్లీ మళ్లీ వస్తుంది. ఆమ్లంతో తినిపించిన పనికి అడుగు చదునుగా, గరుకుగా, లోతు అంతటా ఒకేలా ఉంటుంది. చవక తుపాకులకు అచ్చు పనీ, ఆమ్లపు పనీ అప్పట్లోనే చేసేవారు, కాబట్టి అవి కనిపించినంత మాత్రాన మోసం కాదు. పెద్ద తయారీ సంస్థ పేరుతో కలిసి కనిపిస్తేనే ఆగాలి.

మళ్లీ చెక్కిన పనిని పట్టుకోవడానికి సాక్షి చోట్లు వెతకండి. అంటే చేతికీ గుడ్డకీ పాలిష్ చక్రానికీ అందని చోట్లు. టాప్ లీవర్‌ను పక్కకు తోస్తే దాని కింద ఉండే భాగం, ఫెన్సుల మొదళ్లు, సేఫ్టీ మీట కింద, ట్రిగ్గర్ గార్డ్ వంపు లోపల. అక్కడి గీతల లోతు, సన్నదనం చూసి కంటికి అలవాటు చేసుకోండి. తుపాకీ కొత్తగా ఉన్నప్పుడు అంతటా అలాగే ఉండేది. ఇప్పుడు యాక్షన్ అడుగున, ట్రిగ్గర్ గార్డ్‌కు ముందు చూడండి. మోసేటప్పుడు చేయి పట్టేది అక్కడే. నిజంగా వాడిన తుపాకీలో ఆ చోట గీతలు మసకబారి, ఎత్తు అంచుల దగ్గర దాదాపు చెరిగిపోయి ఉండాలి. అక్కడి గీతలు సాక్షి చోట కంటే లోతుగా, పదునుగా ఉంటే వాటిని తర్వాత తవ్వారన్నమాట.

ఇంకొన్ని గుర్తులు. మళ్లీ చెక్కేవాడు పాత గీతను నూటికి నూరు పాళ్లూ అనుసరించలేడు. వంపుల చివర జంట అంచులు, పాత గీత పక్కనే కొత్త గీత కనిపిస్తాయి. గీత అడుగున తెల్లటి మెరుపు ఉంటుంది. పాత గీతలో నూనె, మురికి, ఆక్సైడ్ పేరుకుని నల్లగా ఉంటుంది. కొత్త గీత నల్లగా కనబడాలని రంగు నింపుతారు. ఎసిటోన్ తడిపిన దూది పుల్లను కనబడని మూలలో ఒక గీత మీద నెమ్మదిగా రుద్దండి. పాత మురికి గోధుమ, బూడిద రంగులో కొద్దిగా వస్తుంది. రంగు నల్లగా ధారాళంగా వచ్చి గీత తెల్లబడితే నింపిన రంగే. చెక్క మెరుగుకు ఎసిటోన్ తగలకూడదు, యజమాని అనుమతి తప్పనిసరి, వేలం గదుల్లో ఈ పరీక్ష అడగవద్దు.

పాలిష్ పట్టి వదిలేసిన తుపాకీలో ముందు పోయేవి సన్నని అడ్డగీతలు. పేరు రాసిన పట్టీ వెనుక నీడ కోసం వేసిన గీతలు, అక్షరాల చివర్ల కొక్కేలు అన్నిటికంటే ముందు మాయమవుతాయి. తయారీదారు పేరు మాత్రం లోతుగా నిలిచి, చుట్టూ నీడ గీతలు లేకపోతే, పేరును ఒక్కదాన్నే మళ్లీ తవ్వి ఉండాలి. యాక్షన్ అంచున సాగే హద్దు గీతలో బయటి సగం కొన్నిచోట్ల లేకపోవడం కూడా చక్రం పని.

నాలుగో దశ: రంగులు

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే, కాబట్టి ముందు పద్ధతి అర్థం చేసుకోండి. మెత్తటి ఉక్కుతో చేసి చెక్కిన యాక్షన్‌ను ఎముకల బొగ్గు, కట్టె బొగ్గు నింపిన ఇనుప పెట్టెలో పెట్టి, 700–800 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో గంటల తరబడి కాల్చి, గాలి బుడగలు పంపుతున్న నీటిలోకి ఒక్కసారిగా వదిలేవారు. పైపొర గట్టిపడుతుంది, దాంతోపాటు నీలం, బూడిద, గోధుమ, లేత పసుపు మరకలు వస్తాయి. గట్టి పొర మిల్లీమీటరులో కొంత భాగం లోతు ఉంటుంది. రంగు మాత్రం అతి పలుచని ఆక్సైడ్ పొర. మెత్తటి ఉక్కు ఉన్ని రుద్దినా పోతుంది. అందుకే అది చేతి తాకిడికి, ఎండకు, తేమకు పోతుంది. మన తీరప్రాంతాల తేమలో వందేళ్లు నిలిచిన తుపాకీకి యాక్షన్ మొత్తం బూడిద వెండి రంగులోకి మారడం సహజం.

ఈ వరుస నుంచే మొదటి పరీక్ష పుడుతుంది. చెక్కడం ముందు, కాల్చడం తర్వాత. కాబట్టి అసలు పనిలో రంగు గీత లోపలికి కూడా దిగి ఉంటుంది. రంగు మరక ఒక గీతను దాటేటప్పుడు గీత గోడల మీద కూడా కొనసాగాలి. గీత లోపల తెల్ల ఉక్కు, పైన రంగు ఉంటే గీత తర్వాతిది.

రెండో పరీక్ష గాయాలతో. తుప్పు గుంత గానీ గీరుడు గానీ వెతకండి. అసలు రంగు గీరుడు దగ్గర తెగిపోతుంది, గుంత లోపల ఉండదు. రంగు గుంత అడుగు దాకా దిగి, గీరుడు మీదుగా తెగకుండా సాగితే, గాయం అయ్యాక రంగు తెచ్చారు.

మూడోది, రంగు ఎక్కడ మిగిలింది అన్నది. నిజాయితీగా అరిగిన తుపాకీలో రంగు సాక్షి చోట్లలో నిలుస్తుంది: ఫెన్సుల వెనుక, టాప్ లీవర్ కింద, స్క్రూల చుట్టూ, ఫోరెండ్ ఐరన్ మీద చెక్క కప్పిన చోట. యాక్షన్ అడుగున మాత్రం దాదాపు ఏమీ ఉండదు. అంతటా సమానంగా, చేయి పట్టే చోట కూడా రంగు ఉంటే ఒకటి అనుకోవాలి: తుపాకీని పెట్టెలోంచి తీయనే లేదు, లేదా రంగు కొత్తది. చేతిపట్టు మీద చెక్కిన గళ్లు అరిగి నున్నగా ఉంటే మొదటి మాట చెల్లదు.

నకిలీ రంగులు మూడు రకాలు. గ్యాస్ మంటతో వేడి చేసి తెచ్చిన రంగులు పట్టీలుగా వస్తాయి. గడ్డి పసుపు 220 డిగ్రీల దగ్గర, ఊదా 280 దగ్గర, నీలం 300 దగ్గర పుడతాయి. అదే వరుసలో, మంట తాకిన చోటు నుంచి బయటికి వ్యాపిస్తాయి. వాటి మధ్య బూడిద రంగు మరకలు ఉండవు. పైగా ఆ వేడికి గట్టి పొర కొంత మెత్తబడుతుంది. సయనైడ్ లవణాలతో తెచ్చినవి చారల్లా, కొట్టొచ్చినట్టు మెరుస్తూ ఉంటాయి. కొన్ని ఇతర తయారీదారులు దీన్ని మామూలుగానే వాడారు, కానీ పాత లండన్ పనిలో ఇది రాకూడదు. మూడో రకం రసాయనాలు, రంగులు పులిమి పైన లక్క పూయడం. దీన్ని ఎసిటోన్ బయటపెడుతుంది: రంగు దూదికి అంటుకుంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. అసలు తయారీదారులు కూడా రంగును కాపాడటానికి లక్క పూసేవారు. లక్క ఊడివచ్చినంత మాత్రాన నకిలీ కాదు, కింద రంగు నిలిచిందా పోయిందా అన్నదే లెక్క. లక్క కొన్నిచోట్ల అతినీలలోహిత వెలుగులో మెరుస్తుంది. ఎక్కడ పూశారో, ఎక్కడ లేదో చూడటానికి అది పనికొస్తుంది.

ఎముకల బొగ్గుతోనే సరైన పద్ధతిలో మళ్లీ రంగు తెచ్చిన యాక్షన్‌ను పట్టడం కష్టం. అప్పుడు రంగును వదిలి అమరికను చూడండి. మళ్లీ కాల్చితే ఉక్కు స్వల్పంగా వంకరపోవచ్చు. లాక్ ప్లేట్లకూ చెక్కకూ మధ్య కాగితం దూరే సందు, స్క్రూ గాడుల దిశ తప్పడం, గొట్టాలకూ యాక్షన్ ముఖానికీ మధ్య వెలుగు కనబడటం, ఈ మూడూ కలిసి ఉంటే ఆ యాక్షన్ మళ్లీ నిప్పులోకి వెళ్లిందన్న అనుమానం బలపడుతుంది. అలాంటి తుపాకీని కాల్చడానికి వాడాలనుకుంటే, ప్రూఫ్ హౌస్ గానీ అర్హత ఉన్న తుపాకీ పనివాడు గానీ చూడకుండా వాడవద్దు.

ఇక "కాయిన్ ఫినిష్" అనే మాట. వెండి బూడిద యాక్షన్‌కు అమ్మేవాళ్లు ఈ పేరు పెడతారు. కొన్ని తుపాకులను మొదటి నుంచీ తెల్లగానే ఇచ్చారు, అది నిజం. కానీ ఫోరెండ్ ఐరన్‌లో చెక్క కప్పిన భాగంలో గానీ టాప్ లీవర్ కింద గానీ రంగు మరకలు మిగిలి ఉంటే, ఆ తుపాకీ రంగుతోనే బయటికి వచ్చింది. పైభాగం అరిగి అయినా అలా అయి ఉండాలి, ఆమ్లంతో కడిగి అయినా ఉండాలి. ఆమ్లంతో కడిగితే గీతల లోపల కూడా ఒకే బూడిద రంగు ఉంటుంది. సహజంగా అరిగితే లోపల ముదురుగా, అంచుల మీద లేతగా ఉంటుంది.

ఐదో దశ: గొట్టాలు

ఉక్కు గొట్టాల నల్లదనం నెమ్మదిగా తుప్పు పట్టించి, ఉడికించి, తుడిచి, ఆ పనే పలుమార్లు చేస్తే వచ్చేది. దానికి లోతైన, కొద్దిగా మసక మెరుపు ఉంటుంది. వేడి క్షార ద్రావణంలో ముంచితే వచ్చే నిగనిగలాడే నీలి నలుపు వేరే. పాత జంట గొట్టాల మీద అది కనబడితే రెండు కారణాల వల్ల జాగ్రత్తపడాలి. అది తర్వాతి పని. పైగా ఆ క్షారం రిబ్‌ను అతికించిన తగరపు టంకాన్ని తినేస్తుంది. రిబ్‌ను వేలితో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే అతుకు వదిలింది. సీసాలో దొరికే చల్లని నీలి రసాయనంతో చేసిన మరమ్మతు అయితే వేలితో గట్టిగా రుద్దాక ఘాటైన వాసన వదులుతుంది.

డమాస్కస్ గొట్టాలు ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికి చేసినవి. ఆ మెలికల నమూనా లోహం లోతు వరకు ఉంటుంది. సాదా గొట్టం మీద ఆమ్లంతో గానీ అచ్చుతో గానీ వేసిన నమూనా పైపైనే ఉంటుంది. అసలుదానిలో గొట్టం సన్నబడే కొద్దీ నమూనా వంకరలు మారుతూ, అక్కడక్కడా అతుకు గీత మెలికగా సాగుతూ కనిపిస్తుంది. వేసినదానిలో అదే ముక్క సమదూరంలో మళ్లీ వస్తుంది, ముందు చెక్క కింద ఆగిపోవచ్చు కూడా. మళ్లీ గోధుమ రంగు తెచ్చిన గొట్టాలను రిబ్ మీది అక్షరాల్లో చూడండి. అక్షరాల గోడలు గుండ్రబడి, వాటి అడుగున కొత్త రంగు పేరుకుని ఉంటుంది.

గొట్టం వెనుక చివరకు కొన్ని అంగుళాల ముందు దాని చుట్టూ సన్నని గీత గానీ, చెక్కిన పట్టీ గానీ ఉంటే అక్కడ స్లీవింగ్ జరిగిందేమో చూడండి. అంటే పాత గొట్టాల వెనుక భాగానికి కొత్త గొట్టాలు అతికించడం. అతుకును దాచడానికే ఆ పట్టీ చెక్కి ఉండవచ్చు. బ్రిటన్‌లో అలా చేసిన గొట్టాల మీద ప్రూఫ్ హౌస్ "స్లీవ్డ్" అనే మాట కొడుతుంది.

ఆరో దశ: బంగారం

ఇంగ్లిష్ వేట తుపాకీలో బంగారం పొదుపుగా ఉంటుంది. సేఫ్టీ దగ్గర "సేఫ్" అనే మాట, ఒకే జతగా చేసిన రెండు తుపాకులైతే రిబ్, టాప్ లీవర్, ఫోరెండ్ మీద 1 లేదా 2, లాక్ ప్లేటు మీద కాక్ అయిందో (పేలడానికి సిద్ధంగా ఉందో) లేదో చూపే చిన్న గీత. బంగారు జంతువులు, దేవతలు, రాజముద్రలు నిండుగా ఉన్నవి లేకపోలేదు. మన మహారాజులు లండన్ తయారీ సంస్థల దగ్గర అలాంటివి ప్రత్యేకంగా చేయించుకున్నారు. అందుకే అలాంటి తుపాకీకి తయారీదారు రికార్డు లేకపోతే ధరలో ఆ బంగారాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

అసలు తాపడంలో లోపలికి వెడల్పయ్యే గాడి తవ్వి, బంగారాన్ని అందులో కొట్టి బిగిస్తారు, బిద్రీ పనిలో వెండిని బిగించినట్టే. భూతద్దంలో అంచు గట్టిగా, సందు లేకుండా ఉంటుంది. పైపూత అయితే ఎత్తు చోట్ల అరిగి కింద ఉక్కు బయటపడుతుంది. బంగారం కింద అడ్డంగా, నిలువుగా గీరిన సన్నని గళ్లు కనిపిస్తే అది కోఫ్త్‌గరీ. గరుకు చేసిన ఉక్కు మీద బంగారు తీగనో రేకునో నొక్కి అతికించే పని అది. అది అందమైన పనే, అయితే లండన్ పని కాదు. దాన్ని తర్వాతి పనిగా రాసుకోండి.

శైలి, కాలం సరిపోవాలి

పర్డీ, బాస్ తుపాకుల మీద చిన్న గులాబీ గుత్తులు, దట్టమైన సన్న చుట్టలు. హాలండ్ అండ్ హాలండ్ వాళ్ల రాయల్ రకం తుపాకీ మీద పెద్ద ఆకులతో, లోతుగా చెక్కిన తీగ. ఇవి తెలిస్తే చాలావరకు కంటే చెబుతుంది. ఫోటోలా కనిపించే పక్షులు, కుక్కలు సూక్ష్మ చుక్కలతో చెక్కి ఉంటే అది బులీనో పద్ధతి. ఇటలీలో గార్డోనే వాల్ ట్రోంపియా ప్రాంతంలో 20వ శతాబ్దపు రెండో సగంలో ఇది విస్తరించింది. 1895 నాటి ఇంగ్లిష్ తుపాకీ మీద అది ఉంటే చర్చ అక్కర్లేదు. బాక్స్‌లాక్‌కు పక్క పలకలు బిగించి సైడ్‌లాక్‌లా కనబడేలా చేసినవి కూడా ఉంటాయి. పలక మీది స్క్రూలు లోపలి భాగాలను నిజంగా పట్టి ఉన్నాయా, అలంకారానికేనా అని చూడండి.

చివరి దశ: అన్నీ కలిపి రాసుకోవడం, తర్వాత ఉత్తరం

ఒక కాగితం మీద భాగాల వారీగా రాయండి: గొట్టాలు, యాక్షన్, లాక్ ప్లేట్లు, స్క్రూలు, ట్రిగ్గర్ గార్డ్, ఫోరెండ్ ఐరన్, చెక్క. ప్రతి దాని ఎదుట మీకు కనిపించిన అరుగుదల ఎంతో, అది ఏ వయసు చెబుతోందో రాయండి. చెక్కను వదిలేయకండి. కొత్త తుపాకీలో చెక్క లోహం కంటే వెంట్రుకవాసి ఎత్తులో ఉంటుంది. చెక్క లోహం కంటే కిందికి దిగితే చెక్కను రుద్దారు, లోహం చెక్క కంటే బాగా కిందికి దిగితే లోహాన్ని రుద్దారు. గళ్లు అరిగి, బట్ (భుజానికి ఆనే చెక్క చివర) అంచులు గుండ్రబడి, యాక్షన్ మాత్రం కత్తి అంచులతో ఉంటే ఆ రెండూ ఒకే వందేళ్లు బతకలేదు.

ఒక గుర్తు ఒంటరిగా ఉంటే తీర్పు ఇవ్వకండి. పొరపాటున మార్చిన స్క్రూ ఒక్కటీ ఏమీ చెప్పదు. సాక్షి చోటు కంటే లోతైన గీత, గుంతలోకి దిగిన రంగు, దిశ తప్పిన గాడి, ఈ మూడింటిలో రెండు కలిస్తే తర్వాతి పనే అని రాయవచ్చు.

పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, బాస్, వెస్ట్లీ రిచర్డ్స్ లాంటి సంస్థల దగ్గర పాత ఆర్డరు పుస్తకాలున్నాయి. సీరియల్ నంబరు పంపి, రుసుము కట్టి వివరాలు అడగవచ్చు. బర్మింగ్‌హామ్‌లోని చాలా చిన్న తయారీదారుల పుస్తకాలు మాత్రం మిగల్లేదు. ఉత్తరంతో పాటు గొట్టాల అడుగు ముద్రలు, రిబ్ మీది పేరు, రెండు పక్కలు, యాక్షన్ అడుగు, టాప్ లీవర్ తోసిన తర్వాత కింద కనబడే భాగం, ఫోరెండ్ ఐరన్ లోపలి వైపు ఫోటోలు పంపండి. "ఇది అసలుదేనా" అని అడిగితే పనికొచ్చే జవాబు రాదు. మొదటి ఆర్డరులో గొట్టాల రకం, పొడవు, నగిషీ వర్ణన, తిరిగి వచ్చి చేసిన మరమ్మతుల తేదీలు అడగండి. జవాబు వచ్చేదాకా తుపాకీకి నూనె తప్ప ఏమీ పూయవద్దు, మెరుగు పెట్టించవద్దు. సాక్షి చోట్లను మీరే చెరిపేస్తే ఆ ఉత్తరానికి సరిపోల్చడానికి తుపాకీ మీద ఏమీ మిగలదు.